బొజ్జన్నకొండ, లింగాలమెట్ట: చూడబోయేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మాది అనకాపల్లి. ఇంటికి చుట్టాలొస్తే మరుసటి రోజు పొద్దున్నే శంకరం దగ్గరున్న ఈ రెండు పాత బౌద్ధ కొండలకి తీసుకెళ్లడం మా ఇంట్లో ఆనవాయితీ. అలా ఎంతమందితో ఎక్కానో లెక్కలేదు. కొత్తగా వచ్చేవాళ్లు దారి పొడవునా అడిగే ప్రశ్నలు మాత్రం దాదాపు అవే. వాటన్నిటినీ ఇక్కడ ఒకచోట పెట్టాను.

ఇది ఎక్కడుంది? ఎలా వెళ్లాలి?

అనకాపల్లి ఊరు దాటి కొద్ది కిలోమీటర్లు వెళ్తే శంకరం అనే పల్లె వస్తుంది. ఆ పక్కనే తూర్పు పడమరలుగా రెండు చిన్న కొండలుంటాయి. తూర్పుది బొజ్జన్నకొండ, పడమటిది లింగాలమెట్ట. విశాఖపట్నం నుంచి అనకాపల్లి సుమారు 40 కిలోమీటర్లు. జాతీయ రహదారి మీద బస్సులో రావచ్చు. హౌరా–చెన్నై మెయిన్ లైను కాబట్టి రైలు కూడా సుఖమే. స్టేషన్ దగ్గర ఆటో మాట్లాడుకునేటప్పుడు రానూపోనూ మాట్లాడుకోండి. కొండ దగ్గర తిరుగు ఆటో దొరుకుతుందన్న నమ్మకం లేదు. సొంత బండి ఉంటే ఆ టెన్షన్ ఉండదు.

బొజ్జన్న ఎవరు? అక్కడ లింగాలున్నాయా? శంకరం అంటే శివుడేనా?

నాకు ఎంతో ఇష్టమైన ప్రశ్న ఇది. ఈ మూడు పేర్లూ చూస్తే శివక్షేత్రం అనిపిస్తుంది. నిజానికి మూడింటి వెనకా ఉన్నది బౌద్ధమే.

భిక్షువులు నివసించే చోటుని సంఘారామం అంటారు. అదే జనం నోట్లో అరిగి అరిగి శంకరం అయింది. బుద్ధుడు బుద్ధన్న అయ్యాడు, ఆ తర్వాత బొజ్జన్న అయ్యాడని పెద్దలు చెబుతారు. మనవాళ్లకి దేవుణ్ణయినా, ఊరి పెద్దనయినా 'అన్నా' అని పిలవడం అలవాటే కదా. ఇక లింగాలమెట్ట మీద వరసలు వరసలుగా ఉన్నవి రాతిలో చెక్కిన చిన్న చిన్న స్తూపాలు, అంటే బౌద్ధులు కొలిచే గుమ్మటం లాంటి కట్టడాలు. దూరం నుంచి చూస్తే గుండ్రటి తలలతో అచ్చం లింగాల్లా కనబడతాయి. బౌద్ధం మరుగున పడిపోయిన తర్వాత, తమకు తెలిసిన పేరే వాటికి పెట్టుకున్నారు.

ఆ సంఘారామంలో ఉండే భిక్షువులు ఇప్పుడు ఒక్కరూ మిగలలేదు. అయినా ఆ మాట మాత్రం రోజూ ఊరందరి నోటా పలుకుతూనే ఉంది. ఈ సంగతి తెలిసిన రోజు నుంచి బస్సు మీద 'శంకరం' అన్న బోర్డు కనిపిస్తే ఒక్క క్షణం ఆగి చూడకుండా ఉండలేను.

ఎంత పాతది?

కొండ మీద కనిపించే గుహలు, చెక్కడాలు ఎక్కువగా క్రీ.శ. 4 నుంచి 9వ శతాబ్దం మధ్యవని పండితుల అంచనా. శాతవాహనుల నాటి నాణెం కూడా దొరికింది కాబట్టి ఇక్కడ మనుషుల రాకపోకలు అంతకంటే ముందునుంచే ఉన్నాయని అనుకోవచ్చు. మొదట థేరవాదం, ఆ తర్వాత మహాయానం, చివర్లో వజ్రయానం, ఇలా బౌద్ధంలోని మూడు దశలూ ఈ కొండ చూసిందని చెబుతారు. అన్ని వందల ఏళ్లు ఒకేచోట కడుతూ, తొలుస్తూ, చేర్చుకుంటూ పోయారన్నమాట. అందుకే ఒక పద్ధతి ప్రకారం గీసుకుని కట్టినట్టు ఉండదు. ఒక తరం వదిలిన ఖాళీలో ఇంకో తరం తన స్తూపం తాను చెక్కుకుంది.

తవ్వకాల్లో ఏం దొరికాయి?

1906–08 మధ్య పురావస్తు శాఖ తరఫున అలెగ్జాండర్ రీ ఇక్కడ తవ్వకాలు జరిపించాడు. మట్టిపాత్రలు, ముద్రలు, నాణేలు బయటపడ్డాయి. నాణేల గురించి కాస్త చెప్పుకోవాలి.

గుప్త చక్రవర్తి సముద్రగుప్తుడి బంగారు నాణెం ఒకటి దొరికింది. ఎక్కడి పాటలీపుత్రం, ఎక్కడి అనకాపల్లి! సముద్రగుప్తుడు దక్షిణాదికి దండెత్తి వచ్చినప్పుడు ఓడించిన రాజుల పేర్లు అలహాబాద్ స్తంభ శాసనంలో ఉన్నాయి. వాళ్లలో దేవరాష్ట్రపు కుబేరుడు ఒకడు. ఆ దేవరాష్ట్రం మా పక్కనున్న ఎలమంచిలి ప్రాంతమేనని చరిత్రకారులు చాలామంది అంటారు. అలాగని ఆ నాణెం సైన్యంతోనే వచ్చిందని చెప్పలేం. వర్తకుడి సంచిలో వచ్చి ఉండొచ్చు, యాత్రికుడి కానుక అయినా కావచ్చు.

తూర్పు చాళుక్యులది అయిన 'విషమసిద్ధి' బిరుదున్న రాగి నాణేలు కూడా దొరికాయి. ఆ బిరుదు 7వ శతాబ్దంలో వేంగి రాజ్యాన్ని నిలబెట్టిన కుబ్జ విష్ణువర్ధనుడిది. ఎంత కష్టమైన చోటయినా గెలిచి వచ్చేవాడని దాని అర్థం. అంటే వేంగిలో చాళుక్యులు కుదురుకునే నాటికి కూడా ఈ కొండ మీద సందడి తగ్గలేదు.

కొండ మీద ఎక్కడ మొదలుపెట్టాలి? ఏమేం చూడాలి?

చాలామంది గబగబా మెట్లెక్కి పైకి పోయి, నాలుగు ఫొటోలు తీసుకుని, 'అంతా ఇటుకలేగా' అని దిగిపోతారు. దయచేసి అలా చేయకండి. మెట్లెక్కుతుండగానే మొదటి గుహ దగ్గర ఆగండి.

ఇక్కడ ఆరు గుహలున్నాయి. వాటిలో పెద్దది రెండంతస్తులది. వాకిలికి అటూ ఇటూ ఎత్తయిన ద్వారపాలకులు నిలబడి ఉంటారు. వాకిలి పైన ధ్యానంలో కూర్చున్న బుద్ధుడు కనిపిస్తాడు. ఎండకీ వానకీ మొహాలు బాగా అరిగిపోయాయి. కానీ నిలబడిన తీరు, భుజాల ఒంపు ఇంకా పోలేదు.

లోపలికి అడుగుపెట్టాక వెంటనే ముందుకు పోకండి, కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఓ నిమిషం ఆగండి. మెల్లగా లావుపాటి స్తంభాలు ఒక్కొక్కటే కనబడతాయి. మొత్తం 16. కొన్ని విరిగిపోయాయి. వాటి నడుమ ఒక పీఠం, దాని మీద రాతి స్తూపం. ఒక్క విషయం గుర్తుపెట్టుకుని దాన్ని చూడండి: ఆ స్తూపాన్ని బయటి నుంచి ఎవరూ మోసుకురాలేదు. అక్కడున్న రాయి అంతా తొలిచి బయటపడేసి, స్తూపం ఆకారం మేరకు మాత్రం వదిలేశారు. స్తంభాలూ అంతే, కప్పూ అంతే. అంతా ఒకే రాయి. ఇల్లు కట్టేటప్పుడు ఒక ఇటుక వంకరపోతే తీసి ఇంకోటి పెట్టుకుంటాం. ఇక్కడ ఒక ఉలి దెబ్బ తప్పితే మళ్లీ అతికించే వీలు లేదు. ఈ మాట తలుచుకున్నప్పుడల్లా ఆ పనివాళ్లకి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. వాళ్ల పేర్లు మనకి ఎవరూ రాసిపెట్టలేదు.

గోడకి చేతి దీపం ఎదురుగా వేస్తే ఏమీ కనపడదు. పక్క నుంచి ఏటవాలుగా వెయ్యండి. ఉలి గాట్లు గీతలు గీతలుగా లేచి కనిపిస్తాయి. లోపల గబ్బిలాల వాసన కొంచెం ఘాటుగానే ఉంటుంది. చిన్నపిల్లలుంటే ముందే చెప్పి తీసుకెళ్లండి.

ఆ తర్వాత పైకి రండి. అక్కడ పెద్ద స్తూపం, దాని చుట్టూ చిన్న స్తూపాలు, ఇటుక గోడల ఆనవాళ్లు, భిక్షువుల గదుల పునాదులు కనిపిస్తాయి. పునాదుల మధ్య ఒక కొస గుండ్రంగా తిరిగిన కట్టడం కనబడితే అక్కడ ఆగండి. దాన్ని గజపృష్ఠ చైత్యం అంటారు. ఏనుగు వెనకభాగంలా ఉంటుంది కాబట్టి ఆ పేరు. లోపల కూర్చుని ప్రార్థన చేసుకునేవారు, గుండ్రటి కొస వైపు స్తూపం ఉండేది.

పైనున్న పెద్ద స్తూపం ఇటుకలతో కట్టిందా, రాతిలో చెక్కిందా?

రెండూ నిజమే. ఈ కొండ ప్రత్యేకత కూడా అక్కడే ఉంది. మామూలుగా స్తూపం కట్టాలంటే మట్టి, రాళ్లు పోసి గుట్ట చేసి, పైన ఇటుకలు పేరుస్తారు. ఇక్కడ కొండ శిఖరాన్నే గుండ్రంగా చెక్కి, దాన్నే స్తూపానికి కడుపుగా చేసుకుని, చుట్టూ ఇటుకలతో తొడుగు కట్టారు.

దగ్గరికి వెళ్లి చూడండి. ఇటుకలు రాలిన చోట లోపలి కొండరాయి తొంగి చూస్తుంది. ఇటుక మన ఇళ్లకి వాడే ఇటుకలా ఉండదు. చాలా పెద్దది, పలకలా వెడల్పుగా ఉంటుంది. మధ్యలో రంగు తేడాగా, అంచులు పదునుగా ఉన్నవి కనబడితే అవి తర్వాత మరమ్మతుల్లో పెట్టినవని పోల్చుకోవచ్చు. పాతవాటి అంచులు బెల్లం అచ్చు కరిగినట్టు మెత్తగా ఉంటాయి. అనకాపల్లివాణ్ణి కదా, నాకు ఆ పోలికే వస్తుంది.

లింగాలమెట్ట కూడా ఎక్కాలా? ఒక కొండ చాలదా?

ఓపిక ఉంటే తప్పకుండా ఎక్కండి. బొజ్జన్నకొండకి వచ్చినవాళ్లలో సగం మంది కూడా అటు పోరు. నాకైతే ఆ కొండే ఎక్కువ నచ్చుతుంది.

కొండ వీపు పొడవునా రాతిలోంచి పొడుచుకొచ్చిన స్తూపాలు ఉంటాయి. మోకాలెత్తువి కొన్ని, మనిషి ఎత్తువి కొన్ని, ఇంకా పెద్దవి కొన్ని. మొక్కుబడి స్తూపాలంటారు వీటిని. వచ్చిన భక్తులు పుణ్యం కోసమో, పోయినవాళ్ల పేరు మీదో చెక్కించి సమర్పించుకునేవారు. గుడికి మెట్టు కట్టించడం, గంట ఇవ్వడం మనం ఇప్పటికీ చేస్తున్నాం. ఇదీ అటువంటిదే. ఒక్కో స్తూపం వెనక ఒక కుటుంబం ఉండి ఉంటుంది.

జాగ్రత్త, దారి సరిగా ఉండదు. రాయి జారుతుంది, ముళ్లపొదలుంటాయి. స్తూపాల మీద కూర్చోవద్దు, కాలు పెట్టి ఎక్కవద్దు. అవి ఉత్త బండల్లా కనబడతాయి కాబట్టి తెలియక చాలామంది కూర్చుంటారు.

భిక్షువులు ఊళ్లో ఉండక కొండలెందుకు ఎక్కారు?

భిక్షువులు ఎలా నడుచుకోవాలో చెప్పే వినయ నియమాల్లోనే దీనికి జవాబుంది. ఆరామం ఊరికి మరీ దూరంగా ఉండకూడదు, మరీ దగ్గరగా ఉండకూడదు. దూరమైతే భిక్ష దొరకదు, దగ్గరైతే సందడికి ధ్యానం కుదరదు. బొజ్జన్నకొండ మీద నిలబడి చుట్టూ చూస్తే ఈ నియమం మీకే అర్థమవుతుంది. కింద వరి మళ్లు, చెరకు తోటలు, ఊరి కప్పులు కనిపిస్తాయి. గట్టిగా పిలిస్తే మాత్రం ఎవరికీ వినబడదు.

ఇంకో కారణం వానలు. బుద్ధుడి రోజుల నుంచి భిక్షువులు ఏడాదంతా తిరుగుతూ, వర్షాకాలం మూడు నెలలు మాత్రం ఒకచోట ఆగిపోయేవారు. దాన్ని వర్షావాసం అంటారు. ఆ మూడు నెలల మకాములే కాలక్రమంలో శాశ్వత విహారాలయ్యాయి. నీళ్లు నిలవని ఎత్తయిన చోటు అందుకు అనువైనది.

మూడోది వ్యాపారం. ఈ తీరమంతా వర్తకుల దారే. వాళ్లకి దారిలో మజిలీ కావాలి, భిక్షువులకి దాతలు కావాలి. శ్రీకాకుళం జిల్లాలో వంశధార ఒడ్డున శాలిహుండం, విజయనగరం దగ్గర రామతీర్థం గురుభక్తులకొండ, భీమిలి దగ్గర పావురాలకొండ, విశాఖ పక్కన బావికొండ, తొట్లకొండ, ఆ తర్వాత మా శంకరం, అన్నీ బౌద్ధ స్థలాలే. పటంలో చుక్కలు పెట్టి కలిపి చూడండి, సముద్రం వెంబడి ఒక దారే కనబడుతుంది.

తొట్లకొండ ఆల్రెడీ చూశాం. ఇదీ అలాగే ఉంటుందా?

ఉండదు. తొట్లకొండ మీద నుంచి సముద్రం కనబడుతుంది, అక్కడ రోమన్ వెండి నాణేలు దొరికాయి, రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్లే దానికి ఆ పేరొచ్చింది. కానీ అక్కడ బుద్ధ విగ్రహాలు కనబడవు. అది బుద్ధుణ్ణి స్తూపం, పాదముద్రల వంటి గుర్తులతో కొలిచిన తొలి రోజుల నాటి ఆరామం. మా కొండ మీద బుద్ధుడు రూపంతోనే కూర్చుని ఉంటాడు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి పెట్టుకుంటే ఆ మార్పు ఒక్కరోజులో కళ్లారా చూడొచ్చు.

కనుమ నాడు ఇక్కడ రాళ్లు వేసేవారట, నిజమేనా?

నిజమే. చెప్పడానికి మనసు నొచ్చుకుంటుంది కానీ దాచాల్సిన సంగతి కాదు. కనుమ పండక్కి ఇక్కడ తీర్థం జరుగుతుంది. చుట్టుపక్కల పల్లెల నుంచి వేలమంది వస్తారు. కొండ మీద బొజ్జలా ఉబ్బిన ఒక ఆకారాన్ని రాక్షసుడి పొట్ట అనుకుని, దాని మీద రాళ్లు విసరడం ఆచారంగా ఉండేది. బొజ్జన్న అన్న పేరులోని 'బొజ్జ' ఆ నమ్మకానికి ఇంకొంచెం బలమిచ్చి ఉంటుందని నా ఊహ. వారసత్వ సంపద కోసం పనిచేసే ఇంటాక్, పురావస్తు శాఖ కలిసి జనానికి నచ్చజెప్పి ఆ పని మాన్పించాయి.

ఒక కనుమనాడు మెట్ల దగ్గర ఒక ముసలమ్మ నన్ను ఆపి అడిగింది: "ఏటి బాబూ, రాయి ఎయ్యకూడదంటన్నారు? మా అత్త కాలం నుంచీ ఏస్తన్నాం." ఆవిణ్ణి పక్కన మెట్టు మీద కూర్చోబెట్టి, అది రాక్షసుడిది కాదమ్మా, బుద్ధుడి స్థలం అని చెప్పాను. ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి కొంగులో మూటగట్టి తెచ్చిన రాళ్లు మెట్టు పక్కన మెల్లగా పెట్టి, కొండకేసి చేతులు జోడించి, దిగిపోయింది. రాళ్లు వేసినవాళ్ల మనసులో కూడా చెడ్డతనం లేదు. చెప్పేవాళ్లు లేకపోయారు, అంతే.

కొండ కింద ఉన్న అమ్మవారు ఎవరు?

ఆవిడ హారీతి. బౌద్ధ కథల్లో ఆవిడ ఒక యక్షిణి. తనకి ఐదువందల మంది పిల్లలు. ఊళ్లోవాళ్ల పిల్లల్ని మాత్రం ఎత్తుకుపోయి తినేసేది. బుద్ధుడు ఆవిడ కడగొట్టు కొడుకుని తన భిక్షాపాత్ర కింద దాచాడు. కొడుకు కనబడక లోకమంతా వెతికి, ఏడుస్తూ వచ్చిన హారీతితో, "ఐదువందల్లో ఒక్కడు పోతేనే నీకింత బాధ. ఒక్కడే ఉన్న తల్లి సంగతేమిటి?" అని అడిగాడట. ఆ రోజు నుంచి ఆవిడ పిల్లల్ని కాపాడే తల్లి అయింది. విహారాల దగ్గర ఆవిడ విగ్రహం పెట్టడం పాత సంప్రదాయం. పిల్లల కోసం అమ్మవారికి మొక్కుకునే మన ఊళ్లకి ఈవిడ పరాయి దేవత కానే కాదు.

స్తూపం అనాలా, స్థూపం అనాలా?

స్తూపం. 'థ' కాదు, 'త' అన్నమాట. బోర్డుల మీద, పత్రికల్లో 'స్థూపం' అని చాలాచోట్ల కనబడుతుంది కానీ అది తప్పు.

ఎప్పుడు వెళ్తే బాగుంటుంది? ఎంతసేపు పడుతుంది? పెద్దవాళ్లు ఎక్కగలరా?

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది. ఎండాకాలంలో పది దాటితే రాయి కాలిపోతుంది, పైన నీడ తక్కువ. వానాకాలంలో కొండ పచ్చగా ఎంతో అందంగా ఉంటుంది గానీ, మెట్ల మీదా బండల మీదా పాకుడు పడుతుంది. జారితే కాలు విరుగుతుంది. బుద్ధపూర్ణిమకి ప్రార్థనలు జరుగుతాయి. ఆ వాతావరణం చూడాలనుకుంటే వైశాఖపు ఎండకి సిద్ధపడి రండి. కనుమ నాడు జనం ఎక్కువ, శిల్పాలు నిదానంగా చూడటం కుదరదు.

రెండు కొండలకీ కలిపి మూడు గంటలు పెట్టుకోండి. మెట్లున్నాయి కాబట్టి బొజ్జన్నకొండని మోకాళ్ల నొప్పులు లేని పెద్దవాళ్లు ఆగి ఆగి ఎక్కేస్తారు. మా అమ్మ అరవై దాటాక కూడా ఎక్కింది. లింగాలమెట్టకి మాత్రం పెద్దవాళ్లని తీసుకెళ్లవద్దు. మంచినీళ్లు, టోపీ, పట్టున్న చెప్పులు లేదా బూట్లు, చిన్న టార్చి వెంట ఉంచుకోండి. తినడానికి ఏదైనా అనకాపల్లిలోనే కొనుక్కోవాలి. తిన్నాక కాగితాలూ, కవర్లూ తిరిగి పట్టుకురండి.

శిల్పాల్ని ముట్టుకోవచ్చా? పేర్లు చెక్కితే శిక్ష ఉంటుందా?

ముట్టుకోకండి. మీ ఒక్కరి చెయ్యి వల్ల ఏమీ కాకపోవచ్చు, కానీ పండగ రోజు వేల చేతులు తగులుతాయి. పసుపు కుంకుమలు, నూనె కూడా పెట్టవద్దు.

ఇది కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న స్థలం. 1958 చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. చుట్టూ 100 మీటర్ల లోపు కొత్త కట్టడాలు కూడదు. ఆ పైన మరో 200 మీటర్ల దాకా అనుమతి ఉండాలి. డ్రోన్ ఎగరేయాలన్నా ముందుగా అనుమతి తీసుకోవాల్సిందే.

ఇంత ఎందుకంటే, ఇవి ఎంత సున్నితమో 2019 అక్టోబరులో చూశాం. పెద్ద వానలకి తొట్లకొండ మహాస్తూపంలో ఒక భాగం కూలిపోయింది. తర్వాత మళ్లీ పేర్చి నిలబెట్టారు. కానీ పేర్చింది పేర్చిందే, మొదట్లో కట్టినవాళ్ల చేతి పని మళ్లీ రాదు. మా కొండ మీద చెక్కిన మొహం అరిగితే పేర్చడానికి కూడా ఏమీ ఉండదు.

పిల్లలకి బోర్ కొట్టకుండా ఎలా చూపించాలి?

తారీఖులు చెప్పకండి, పని చెప్పండి. గుహలో స్తంభాలు లెక్కపెట్టమనండి, విరిగినవి ఎన్నో విడిగా చెప్పమనండి. రాతి స్తూపం చుట్టూ ప్రదక్షిణ చేయించండి, కుడిచెయ్యి స్తూపం వైపు ఉండాలని చెప్పండి. బుద్ధుడి చేతులు ఎలా ఉన్నాయో చూసి అలాగే కూర్చోమనండి. ఒడిలో అరచేయి మీద అరచేయి ఉంటే ధ్యానముద్ర. కుడిచెయ్యి మోకాలి మీదుగా నేలని తాకుతుంటే భూమిస్పర్శ ముద్ర, జ్ఞానోదయానికి భూమినే సాక్ష్యం పిలిచిన క్షణం అది.

మా మేనకోడలికి ఏడేళ్లప్పుడు ఇలాగే తీసుకెళ్లాను. గుహలో కూర్చుని, అరచేతులు ఒడిలో పెట్టుకుని, కళ్లు మూసుకుంది. కాసేపటికి కళ్లు తెరవకుండానే, "మావయ్యా, ఇక్కడ మన ఊపిరి కూడా వినబడుతోంది" అంది.